పెట్రోల్ చుక్కకు వేడి పెనం

పాత కార్ల ప్రదర్శనలో బానెట్ ఎత్తి చూసిన ఒక పాఠకుడు అడిగారు: "సలసల కాగే పొగగొట్టానికి పెట్రోల్ వెళ్లే గొట్టాన్ని ఆనించి పెట్టారేంటండీ? అంటుకోదా?"

అంటుకోదు. రెండింటి మధ్య పోత ఇనుము గోడ ఉంటుంది. నిప్పురవ్వ తగలకుండా పెట్రోల్ మండాలంటే వేడి సుమారు 250 డిగ్రీలు దాటాలి, పైగా ఆ గొట్టంలో గాలితో కలిసి పోయే పెట్రోల్ అక్కడ ఆగదు. ఆ వేడి కావాలనే అలా ఆనించారు.

కార్బురేటర్ పెట్రోల్‌ను గాలితో కలుపుతుందని చెప్పి మన పాఠాలు అక్కడే ఆపేస్తాయి. ఇది నాకు ఎప్పుడూ బాధే. కార్బురేటర్ ఇచ్చేది చాలావరకు తుంపరే, మండేదేమో ఆవిరి. కిలో పెట్రోల్ ఆవిరి కావడానికి దాదాపు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. దాన్ని కాల్చడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. వేడంతా ఆ గాలి నుంచే లాగేసుకుంటే గాలి ఇంచుమించు 24 డిగ్రీలు చల్లబడిపోతుంది. అందుకే బయట 15 డిగ్రీలున్నా గాలిలో తేమ ఉంటే కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది. చలికాలం పొద్దున్నే బండి మొరాయిస్తే దిష్టి తగిలిందనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దిష్టి తీసే ముందు ఈ లెక్క చూడండి!

ఆవిరి కాని చుక్క బరువుగా ఉంటుంది. గొట్టం మలుపు దగ్గర గాలి తిరిగిపోతుంది, చుక్క తిరగలేక గోడకు కొట్టుకుంటుంది. ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అందుతుంది. మండకుండా మిగిలింది కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. 1910ల్లో కార్లు పెరిగి, రిఫైనరీలు బరువైన భాగాలను కూడా పెట్రోల్‌లో కలపడంతో ఈ బెడద ముదిరింది.

ఫోర్డ్ మోడల్ టీలో పొగగొట్టం పక్కనుంచి వేడి గాలిని తెచ్చి కార్బురేటర్‌కు ఇచ్చారు. పని జరిగింది కానీ, వేడెక్కిన గాలి పలచబడి సిలిండర్‌లో తక్కువ పడుతుంది, బలం తగ్గుతుంది. గాలినంతా కాచడం ఎందుకు? చుక్క ఎక్కడ కొట్టుకుంటుందో తెలుసు కదా, సరిగ్గా ఆ గోడ వెనకే పొగను తిప్పితే చాలు!

దోసె పెనం మీద నీళ్లు చిలకరించడం లాంటిదే ఇది. సరిపడా కాలిన పెనం మీద చుక్క చుర్రుమని మాయమవుతుంది. మరీ కాలితే ముత్యంలా దొర్లుతుంది. అడుగున పుట్టిన ఆవిరే దాన్ని పైకెత్తి పట్టుకోవడంతో వేడి త్వరగా అందదు. పెనానికి మంట పెంచి తగ్గించే చెయ్యి కావాలి. ఇంజన్‌లో ఆ చెయ్యి పొగగొట్టంలోని చిన్న రేకు తలుపు. దాని ఇరుసుకు రెండు లోహాలను అతికించి చుట్టిన స్ప్రింగ్ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ, ఇంకోటి తక్కువ సాగడంతో చుట్ట వదులవుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తలుపు దారి మూసి పొగను పెనం కిందికి పంపుతుంది. వేడెక్కాక స్ప్రింగ్ పట్టు సడలి, పొగ నేరుగా బయటికి పోతుంది. కరెంటు లేదు, డ్రైవర్ ముట్టుకునే పని లేదు. ఇంత అందమైన యంత్రభాగం నేనింకోటి చూడలేదు. దీని శత్రువు తుప్పు. మూసుకుని బిగుసుకుంటే బండి లాగదు, తెరుచుకుని బిగుసుకుంటే వేడెక్కేదాకా గునుస్తుంది.

1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌దీ ఇదే సూత్రం. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, ఆవిరి గది పొగతో వేడెక్కాక కిరోసిన్‌కు మార్చేవారు. పెట్రోల్‌తో మొదలై కిరోసిన్ మీద నడిచే చిన్న జనరేటర్లు మన దగ్గరా ఉండేవి.

కార్బురేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. సిలిండర్ బయట పెట్రోల్ చల్లే ఇంజన్లలో ఆ తుంపరను చాలావరకు గాలిని లోపలికి వదిలే వాల్వ్ వీపుకు గురిపెడతారు, ఎందుకంటే ఆ వీపు కాలుతూ ఉంటుంది.