పేరుకు పైలట్: 108 ఉద్యోగం వెనుక కథ

108 బండి నడిపే మనిషిని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. వెనుక రోగి పక్కన కూర్చునే మనిషి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఊళ్లో జనానికి ఆ పేరు నోరు తిరగదు కాబట్టి వాళ్లకు ఆయన 'డాక్టరు గారే'. తెలుగునాట ఈ రెండు ఉద్యోగాలూ 2005లో పుట్టాయి. ఇరవై ఏళ్లు దాటినా, వీటికి పై మెట్టు ఏదని అడిగితే చాలామంది దగ్గర జవాబు లేదు. జీతాల కోసం, ఎనిమిది గంటల డ్యూటీ కోసం 108 సిబ్బంది ధర్నా అన్న వార్త ఏటా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. ఆ వార్త వెనుక ఉన్నది ఒక్క జీతం గొడవ కాదు. ఈ ఉద్యోగం పుట్టిన తీరులోనే చిక్కు ఉంది.

అంతకుముందు సంగతి నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రోడ్డు మీద దెబ్బ తగిలితే ఆటోనో, దారిన పోయే లారీనో, పోలీసు జీపో దిక్కు. పల్లెలో నొప్పులు మొదలైతే ఎడ్లబండి లేదా ట్రాక్టర్. ఏజెన్సీలో డోలీ, అది ఇప్పటికీ పోలేదు. అంబులెన్స్ అంటే ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చే బండి, లేదంటే శవాన్ని ఇంటికి చేర్చే బండి. అందులో స్ట్రెచర్, ఆక్సిజన్ సిలిండర్ ఉంటే అదే గొప్ప. పైగా ముట్టుకుంటే కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం. క్షతగాత్రుడికి ముందు వైద్యం చేయాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. జనం భయం మాత్రం తీరలేదు. కాపాడినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు అదే కోర్టు 2016లో ఆమోదం తెలపాల్సి వచ్చింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ (ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) అనే సంస్థ పేరుతో 108 సేవ మొదలైంది. వెనుక ఉన్నది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. నంబరు ఎంపికలోనూ తెలివి ఉంది. అష్టోత్తరం తెలిసిన దేశంలో 108ని ఎవరూ మర్చిపోరు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాక బండ్లు జిల్లాలకు, ఆ తర్వాత మండలాలకు చేరాయి. సభల్లో ఆయన "కుయ్.. కుయ్.. కుయ్" అంటూ సైరన్ మోత అనుకరించడం ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. మా వైపు పిల్లలు అంబులెన్స్ ఆట ఆడేటప్పుడు ఆ మోతే చేసేవాళ్లు. ఒక ప్రభుత్వ పథకం పిల్లల ఆటలోకి ఎక్కిందంటే మాటలు కాదు.

కొత్త సేవకు కొత్త మనుషులు కావాలి. ఇంటికే వచ్చి, దారిలోనే ప్రాణం నిలబెట్టే పని మన దగ్గర అప్పటిదాకా ఎవరి ఉద్యోగమూ కాదు. అందుకే సంస్థ తానే మనుషుల్ని తయారు చేసుకుంది. బీఎస్సీ లైఫ్ సైన్సెస్, నర్సింగ్, ఫార్మసీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లను, అమ్మాయిలను తీసుకుని, కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి బండి ఎక్కించింది. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి రెండేళ్ల పారామెడిక్ కోర్సు కూడా మొదలుపెట్టారు. ఊరి డిగ్రీ కాలేజీలో జువాలజీ చదివిన కుర్రాడికి స్టాన్‌ఫోర్డ్ పేరు వినపడటమంటే ఊహించుకోండి. యూనిఫాం, మెడలో స్టెత్, జనం దండాలు. చేరినవాళ్లంతా ఇది ముందు ముందు పెద్ద వృత్తి అవుతుందనే నమ్మారు. ఆ నమ్మకం తప్పు కాదు. దాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరిదన్నది మాత్రం ఆ రోజు ఎవరూ రాసుకోలేదు.

పని ఎలా ఉంటుందో కొంచెం చూద్దాం. బండి నిలిచే చోటును బేస్ లొకేషన్ అంటారు. పీహెచ్‌సీ ఆవరణో, పోలీస్ స్టేషన్ పక్కనో ఉంటుంది. షిఫ్టు పన్నెండు గంటలు. కాల్ సెంటర్ నుంచి కేసు రాగానే బయల్దేరాలి. ఎన్ని నిమిషాల్లో కదిలారు, ఎన్ని నిమిషాల్లో చేరారు అన్నీ లెక్కలోకి వెళ్తాయి. లోపల ఈఎంటీ బీపీ, పల్స్ చూసి, అవసరమైతే కాల్ సెంటర్‌లోని డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందు ఇచ్చి, జరిగిందంతా పీసీఆర్ (పేషెంట్ కేర్ రికార్డు) అనే ఫారంలో రాస్తాడు. జనం అనుకునేట్టు అన్నీ యాక్సిడెంట్లే కావు. ఎక్కువగా వచ్చేవి గర్భిణుల కేసులు. గతుకుల రోడ్డు మీద, బండి పక్కకు ఆపించి, టార్చి వెలుగులో కాన్పు చేయడం ఈఎంటీలకు మామూలు సంగతి. బొడ్డుతాడుకు క్లాంప్ పెట్టి, బిడ్డ ఏడ్చేదాకా ఉండే ఆ అరనిమిషం టెన్షన్ మాత్రం ఎన్ని కాన్పులు చేసినా తగ్గదంటారు.

ఆసుపత్రికి చేర్చాక పని అయిపోయిందనుకుంటాం. క్యాజువాలిటీలో ఖాళీ మంచం లేకపోతే బండి స్ట్రెచర్ మీదే రోగి ఉండిపోతాడు. స్ట్రెచర్ లేనిదే బండి కదలదు. ఆలోపు ఇంకో కేసు వస్తే, "ఇంతసేపు ఏం చేస్తున్నార్రా" అని ఆ ఊళ్లో తిట్లు తినేది వీళ్లే. ఆ తర్వాత రక్తం కడుక్కోవడం, ఆక్సిజన్ చూసుకోవడం. భోజనం డబ్బా సంగతి చివరికి.

ఇక చిక్కు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ దొంగ లెక్కల కుంభకోణం బయటపడింది. రామలింగరాజు తప్పుకున్నారు, నిర్వహణ జీవీకే సంస్థ చేతికి వెళ్లింది. బండ్లు ఆగలేదు, ఎందుకంటే అప్పటికే నడిపే ఖర్చులో చాలా భాగం ప్రభుత్వమే భరిస్తోంది. డబ్బు ప్రభుత్వానిది, ఉద్యోగి సంస్థవాడు. ఈ ఏర్పాటు బండ్లకు బాగానే పనిచేసింది. మనుషుల విషయానికి వచ్చేసరికి జీతం పెంచమంటే సంస్థ ప్రభుత్వాన్ని చూపించేది, ప్రభుత్వం సంస్థను చూపించేది.

రాష్ట్రం విడిపోయాక దారులు కూడా వేరయ్యాయి. తెలంగాణలో పాత సంస్థే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో బండ్లు నడిపే కాంట్రాక్టుకు 2017 చివర్లో బీవీజీ అనే సంస్థ, 2020లో అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ వచ్చాయి. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య బండ్లు కలిపి 1,088 బండ్లు వరసగా కదిలిన దృశ్యం టీవీల్లో చాలామంది చూశారు. ఆ రోజే సర్వీసును బట్టి పైలట్లకు నెలకు 28 వేల దాకా, ఈఎంటీలకు 30 వేల దాకా జీతం ఇస్తామని ప్రకటించారు. అప్పటిదాకా పది, పన్నెండు వేలతో ఉన్నవాళ్లకు అది పెద్ద మాటే. అదే కోవిడ్ కాలం. పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ వీళ్లు కేసులు మోస్తున్న రోజులు.

కాంట్రాక్టు మారిన ప్రతిసారీ బండి మీద రంగు మారుతుంది, యూనిఫాం మారుతుంది, మనిషి మాత్రం అదే బేస్‌లో అదే సీటులో ఉంటాడు. మారిన ప్రతిసారీ పాత బకాయిలు, పీఎఫ్ లెక్కలు, గ్రాట్యుటీకి పాత ఏళ్లు కలుస్తాయా లేదా అన్న ఆందోళన మొదలవుతుంది. నా మటుకు, జీతం అంకె కన్నా ఇదే వీళ్ల అసలు సమస్య. పదిహేనేళ్ల అనుభవాన్ని ఎవరి రిజిస్టర్‌లో రాయాలో తేలలేదు.

అదే ప్రమాద స్థలానికి వచ్చే ఫైర్‌మ్యాన్‌ను చూడండి. ఆయన పోలీసు నియామక మండలి పరీక్ష రాసి, దేహదారుఢ్య పరీక్షలు దాటి వస్తాడు. తెలంగాణ వాళ్లయితే హైదరాబాద్ శివారు వట్టినాగులపల్లిలో శిక్షణ. తర్వాత లీడింగ్ ఫైర్‌మ్యాన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, ఆపైన మరికొన్ని హోదాలు. ప్రమోషన్ ఆలస్యం కావొచ్చు, ఖాళీలు నింపకపోవచ్చు, ఎండాకాలమంతా గడ్డివాముల మంటలతోనే గడవొచ్చు. ఆ కష్టాలు తక్కువేం కాదు. అయినా నిచ్చెన ఉంది, జీతాలు సవరించే పీఆర్సీ ఉంది. నుజ్జయిన కారును కోసి మనిషిని బయటికి తీసేది ఫైర్ వాళ్లు, అందుకుని మెడకు కాలర్ వేసేది ఈఎంటీ. ఇద్దరి మధ్య దూరం రెండడుగులు. ఉద్యోగ భద్రతలో మాత్రం ఎంతో తేడా.

కేంద్రం 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తెచ్చింది. అత్యవసర వైద్య సిబ్బంది కూడా గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేరారు. చదువుకు ప్రమాణాలు, రాష్ట్ర కౌన్సిళ్లు, రిజిస్ట్రేషన్ దాని ఉద్దేశం. ఇప్పుడు ఈ రంగంలో ప్రత్యేకంగా బీఎస్సీ చేసేవాళ్లూ ఉన్నారు. కొత్త పిల్లలకు ఇది మేలే. 2006, 2007లో చిన్న శిక్షణతో చేరి, నడుం నొప్పితో నలభై దాటినవాళ్ల అనుభవానికి ఆ రిజిస్ట్రేషన్‌లో ఎంత విలువ కడతారన్నదే వాళ్లు అడిగేది. వయసు ఇంకా ఉన్న ఈఎంటీలు గల్ఫ్ లైసెన్సుకు పెట్టే ప్రోమెట్రిక్ పరీక్ష రాసి అటువైపు చూస్తారు, అక్కడ ఈ పనికి లైసెన్సు ఉంటుంది. పైలట్లకు ఆ దారి కూడా లేదు. ఆర్టీసీలోనో, ఫైర్‌లోనో నోటిఫికేషన్ పడితే, పైలట్ అన్న పేరు పక్కన పెట్టి డ్రైవర్ పోస్టుకు దరఖాస్తు పెడుతున్నారు.