తాత కంట్లో ట్యూబు సంగతి

చిన్నీ, బాబీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు నా కుడికంటి పైరెప్ప ఎత్తి చూసి, "లోపల తెల్లగా అదేంటి తాతా?" అని అడిగారు. అరిసెల హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

మన చెరువుకట్ట మీద సైకిల్ తొక్కారు కదా. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు కలుజు మీంచి పొర్లిపోతాయి. కలుజు పూడిపోయి, పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటే కట్టకు ముప్పు. కంట్లోనూ అంతే. కన్నీళ్లు వేరు, అవి బయటివి. కంటి లోపల ఇంకో నీరు రాత్రీ పగలూ ఊరుతూ ఉంటుంది. నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడలాంటి దారిగుండా పోయి రక్తంలో కలుస్తుంది. ఆ దారి మూసుకుపోతే కంటి ప్రెషర్ పెరిగి, వెనకున్న నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. దీన్నే నీటికాసులు అంటారు. ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 దాకా ఉంటుంది. నాకు 34 ఉండింది.

నొప్పి లేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడేది. పక్కనుంచి బర్రె వచ్చి తగిలిన రోజే చూపు అంచులనుంచి పోతోందని తెలిసింది. చుక్కలమందు వేసుకుంటూ మధ్యలో మానేశాను. ఆ తప్పు నాదే. తర్వాత ఆపరేషన్ చేసి నీటికి కొత్త దారి తీశారు. గాయం మానినట్టు అదీ పూడుకుపోయింది.

అప్పుడు పెట్టారు ఈ ట్యూబు. 1969లో మోల్టెనో అనే డాక్టరు ఈ రకం పరికరానికి దారి చూపారు. ఇప్పుడు మదురైలోని అరోలాబ్ తక్కువ ధరకే తయారుచేస్తోంది. నాకు పెట్టింది అదే. మెత్తటి సిలికాన్ గొట్టం, దాని లోపలి బెజ్జం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఒక కొస కంటి లోపల ఉంటుంది. రెండో కొసకు చిన్న పళ్లెంలాంటి బిళ్ల, అది కనపడకుండా పైన, తెల్లగుడ్డు మీది పొర కింద ఉంటుంది. నీరు అక్కడికి చేరి మెల్లగా ఇంకిపోతుంది. మీకు తెల్లగా కనపడింది గొట్టం కోసుకుని బయటికి రాకుండా వేసిన మాసిక. చనిపోయాక కళ్లు దానం చేసిన ఎవరో మహానుభావులది. రోజూ తలుచుకుంటాను.

ఇంకో విషయం నాకు భలే నచ్చింది. గొట్టం పెట్టిన రోజే నీళ్లు వదలరు. కొత్తగా పోసిన కట్ట గట్టిపడకముందే నీళ్లు వదిలితే ఏమవుతుంది? అందుకే కరిగిపోయే దారంతో గొట్టాన్ని బిగించి కడతారు. ఐదారు వారాల్లో బిళ్ల చుట్టూ పొర ఏర్పడుతుంది, దారం కరుగుతుంది, దారి తెరుచుకుంటుంది. అందాకా చుక్కలు తప్పవు. కొందరికి ఆ తర్వాత కూడా ఒకటి రెండు మందులు కావాలి. నాకు ఒకటి ఉంది. సీసా మూత తీసిన తేదీ దాని మీద పెన్నుతో రాసి పెట్టుకుంటాను, నెల దాటితే పారేస్తాను.

ట్యూబుతో పోయిన చూపు రాలేదు, రాదు కూడా. ఉన్నది నిలిచింది. ఈ ఉత్తరం ఆ చూపుతోనే రాస్తున్నాను.

ఇది రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ. మీ నాన్నకు నలభై దాటాయి. కంటి ప్రెషరూ, నరమూ రెండూ చూపించుకోమని రోజూ అడగండి. నేను చెబితే "చూద్దాంలే నాన్నా" అంటాడు. ఎంత వచ్చిందో ఆ నంబరు నాకు రాసి పంపండి.

మీ తాత