ఐదు వేల ఏళ్ళ వైద్యమా, నిన్నమొన్నటిదా?

నడుం నొప్పికో మోకాళ్ళకో ఆక్యుపంక్చర్ చేయించుకుందామని వెళ్తే మొదట వినపడే మాట "ఇది ఐదు వేల ఏళ్ళ నాటి వైద్యమండీ" అని. పాతదే, కాదనను. క్రీ.పూ. 113లో చనిపోయిన లియు షెంగ్ అనే చైనా రాకుమారుడి సమాధిలో బంగారు, వెండి సూదులు దొరికాయి కూడా. కానీ ఇవాళ మనకి గుచ్చే వెంట్రుకంత సూది, గోడ మీద ఆ చుక్కల పటం, వాటి వెనకున్న చదువు చాలావరకు గత నూరేళ్ళలో తయారైనవే.

1822లో చైనా చక్రవర్తి దావోగ్వాంగ్ తన ఆస్థాన వైద్యశాలలో సూదుల విభాగాన్నే ఎత్తేయించాడు. 1929లో ప్రభుత్వం మొత్తం పాత వైద్యాన్నే తీసేద్దామని చూస్తే వైద్యులందరూ ఏకమై అడ్డుపడ్డారు. ఆ రోజుల్లోనే చెంగ్ దాన్‌ఆన్ అనే వైద్యుడు లావుపాటి సూదులు పక్కన పెట్టి సన్నటివి వాడకంలోకి తెచ్చాడు, రక్తనాళాల మీద ఉన్న, సూది గుచ్చే బిందువుల్ని పక్కకి జరిపాడు కూడా. 1949 తర్వాత కోట్ల జనానికి చాలినంత మంది డాక్టర్లు లేక మావో ప్రభుత్వం ఈ వైద్యాన్ని చేరదీసి, 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్జౌ, చెంగ్దూల్లో కాలేజీలు పెట్టింది. తమాషా ఏంటంటే, మావోకి స్వయంగా దాని మీద నమ్మకం లేదని ఆయన సొంత డాక్టరు లీ జిస్వీ తర్వాత రాసుకున్నాడు.

ప్రపంచమంతా పాకింది మాత్రం ఒక అపెండిసైటిస్ వల్ల. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో ఆపరేషన్ జరిగింది. సూదులతోనే మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ అది తప్పు, మామూలు మత్తు ఇంజెక్షనే ఇచ్చారు. సూదులు గుచ్చింది ఆ తర్వాత, కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే. అది తగ్గిందని ఆయన రాయడం, మరుసటి ఏడాదే నిక్సన్ చైనా వెళ్ళడం, ఇక చెప్పేదేముంది.

మన దేశానికి దారి వేరు. 1938లో యుద్ధంలో వైద్యసాయానికి డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్ళిన అయిదుగురు డాక్టర్లలో ఒకరైన బిజోయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్ళీ అక్కడికెళ్ళి ఇది నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు.

వెళ్తే ఏం చేస్తారంటే, రెండు చేతుల నాడీ పట్టుకుంటారు, నాలుక చూపించమంటారు, నిద్ర, విరేచనం, చెమట అన్నీ అడుగుతారు. "చీ" తిరగట్లేదంటారు (మన ఛీ కాదు, ప్రాణశక్తి లాంటిదన్నమాట). సూది దిగినప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, తర్వాత ఒక మొద్దు లాగుడు, అలా 20, 30 నిమిషాలు. కొన్నిచోట్ల ఎండబెట్టిన ఆకుతో సెగ పెడతారు, అది మన వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రికి చుట్టమే. అరుదుగానైనా ఛాతీ దగ్గర లోతుగా గుచ్చి ఊపిరితిత్తికి తగిలించిన సందర్భాలున్నాయి. కొత్త సూది ప్యాకెట్ మీ ముందే విప్పమనండి.

ఫలితమా? జర్మనీలో 1162 మంది నడుం నొప్పి రోగుల మీద చేసి 2007లో బయటపెట్టిన పరీక్షలో, ఆరు నెలలకి సూదులు గుచ్చినవాళ్ళలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది, మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళలో 27.4 శాతానికే. భలే కదా? కానీ బిందువులు కాని చోట ఊరికే పైపైన గుచ్చిన వాళ్ళలో కూడా 44.2 శాతానికి తగ్గింది! చీ, బిందువులు అని అంత కచ్చితంగా చెప్పేవాళ్ళ దగ్గర నాకు ఈ అంకెకి జవాబు దొరకలేదు. నొప్పి వరకు ఓసారి ప్రయత్నించొచ్చు, షుగరో క్యాన్సరో నయం చేస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి.

చైనా వైద్యంలో సూదులతో పాటు వాడే మూలికల సంగతి ఇంకా జాగ్రత్త. తూ యూయూ మలేరియా మందు తీసింది చైనా మూలిక నుంచే, నాలుగో శతాబ్దపు పుస్తకంలో దొరికిన ఆధారంతో, దానికి 2015లో నోబెల్ వచ్చింది. అదే మూలికల వైద్యం పేరుతో 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒకదాని బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలిసి, వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. అలా కలిసిన మూలిక మన గాడిదగడపాకు జాతిదే. వాడే బీపీ, రక్తం పలచబడే మందుల గురించి ముందే చెప్పాలి.

సూదులకి ఎన్నిసార్లు వెళ్ళాలో అమెరికాలో అమ్మానాన్నల్ని చూసుకుంటున్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది. అక్కడి మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) 2020 నుంచి దీర్ఘకాలపు నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులిస్తోంది, తగ్గుతుంటే ఇంకో 8, తగ్గకపోతే ఆపేయమంటుంది.