కరప్ట్ అయిందని ఏడ్చే ముందు: వర్డ్ ఫైళ్ల మీద అపోహలు, వాస్తవాలు

డీటీపీ షాపు పెట్టి 20 ఏళ్లు దాటింది. శుభలేఖల నుంచి పీహెచ్‌డీ థీసిస్‌ల దాకా మా చేతుల మీదుగా వెళ్లని ఫైలు లేదు. "అన్నా, ఫైలు కరప్ట్ అయింది" అంటూ పెన్‌డ్రైవ్ పట్టుకొని పరుగెత్తుకొచ్చేవాళ్లకీ కొదవ లేదు. అందులో చాలా ఫైళ్లు అసలు పాడై ఉండవు. నిజంగా పాడైనవాటిలోనూ సగం చెడింది దానంతటదైతే, మిగతా సగం ఆ తర్వాత అరగంటలో ఇంట్లోవాళ్లు చేసిన వైద్యం వల్ల.

అపోహ: తెరుచుకోకపోతే రాసిందంతా పోయినట్టే.

ఆఫీస్ 2007 నుంచి వస్తున్న డాక్ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టినది. లోపల 'వర్డ్' అనే ఫోల్డర్, అందులో 'డాక్యుమెంట్' అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటాయి. మీరు రాసిన అసలు పాఠమంతా ఆ ఒక్క ఫైల్లోనే ఉంటుంది. ఫొటోలు పక్కనే 'మీడియా' ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి.

జిప్ మూటకు విషయసూచిక చివర్లో ఉంటుంది. పెన్‌డ్రైవ్ కాపీ అవుతుండగా లాగేసినా, డౌన్‌లోడ్ మధ్యలో ఆగినా ముందు తెగేది ఆ తోకే. సూచిక దొరక్క వర్డ్ మొత్తం ఫైలునే తెరవనంటుంది. లోపలి సరుకు మాత్రం చాలావరకు క్షేమంగానే ఉంటుంది.

ఏం చేసినా ముందు ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీ మీదే చేయండి. వర్డ్‌లో ఓపెన్ డైలాగ్‌కు వెళ్లి ఫైలును ఎంచుకున్నాక, ఓపెన్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కితే 'ఓపెన్ అండ్ రిపేర్' కనిపిస్తుంది. అది కుదరకపోతే వర్డ్‌లాంటిదే అయిన ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌లో తెరిచి చూడండి. వర్డ్ మొరాయించిన ఫైలును అది మారుమాట్లాడకుండా తెరవడం చాలాసార్లు చూశాను. అదీ కాకపోతే ఫైలు పేరు చివర డాక్ఎక్స్ తీసేసి జిప్ అని మార్చి, జిప్ మూటలు విప్పే విన్‌రార్‌లో 'రిపేర్' చేసి విప్పండి. డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కోడ్ మధ్య మధ్యన మీ వాక్యాలు కనిపిస్తాయి. ముద్దుగా ఉండదు కానీ మళ్లీ టైపు చేసే బాధ తప్పుతుంది.

ఆశ లేని సందర్భం కూడా ఒకటుంది. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఒక్కోసారి ఫైలు సైజు సరిగ్గానే ఉంటుంది, లోపల మాత్రం అన్నీ సున్నాలే. కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొట్టమొదట ఇంగ్లీషులో 'పీకే' అనే రెండు అక్షరాలు కనిపిస్తే జిప్ బతికే ఉంది. ఆ ఫార్మాట్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరు, ఇంటిపేరు పొడి అక్షరాలు అవి. పేజీలకు పేజీలు ఖాళీగా ఉంటే మాత్రం ఏ రిపేర్ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. లేనిదాన్ని ఎవరు తెస్తారు? డబ్బులు పెట్టి కొనకండి.

అపోహ: తెలుగు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే ఫైలు పాడైనట్టే.

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే కేసు ఇదే. డీటీపీలో వాడే 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైల్లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గడుల్లో తెలుగు గుణింతాలు, ఒత్తుల బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే బొమ్మలు పోయి గడుల అసలు పేర్లు బయటపడతాయి. ఫైలు నిక్షేపంగా ఉంది, ఫాంట్ వేస్తే చాలు.

ప్రమాదం ఆ తర్వాత చేసే పనిలో ఉంది. ఆ చెత్త చూసి కంగారుపడి, మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చి, సేవ్ కొడతారు. తెలుగు, ఇంగ్లీషు కలిసిన ఫైలైతే ఇక ఏ ముక్క తెలుగో, ఏది ఇంగ్లీషో చెప్పే ఆనవాలే ఉండదు. ఓ వకీలుగారి గుమస్తా ఇలాగే 40 పేజీల దావా తెచ్చాడు. అందులోని సర్వే నంబర్లు, ఇంగ్లీషు పేర్లు ఏరుకోవడానికి మాకు ఒక రోజంతా పట్టింది. అను ఫైళ్ల మీద పని చేసేటప్పుడు ఆటోకరెక్ట్ కూడా ఆపేయండి. చిన్న ఇంగ్లీషు అక్షరాన్ని అది పెద్దది చేసిందంటే ఇక్కడ తెలుగు అక్షరమే మారిపోతుంది.

తెలుగు అక్షరాలకు సొంత గడులున్న యూనికోడ్‌లో డబ్బాలు డబ్బాలుగా కనిపించినా అది ఫాంట్ లోపమే. ఒత్తులు విడివిడిగా పడితే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు కూర్పు చేతకాదని అర్థం. ఫైలును అనకండి.

అపోహ: ఆటో రికవర్ ఉంది కదా, కంట్రోల్ ఎస్ ఎందుకు?

అది మామూలుగా 10 నిమిషాలకోసారి పని చేస్తుంది, అదీ వర్డ్ హఠాత్తుగా ఆగిపోయినప్పటి కోసం. మీరు సేవ్ చేసి మూసేస్తే ఆ కాపీని అదే తీసేస్తుంది. ఆటోసేవ్ వేరే సంగతి, అది వన్‌డ్రైవ్ లాంటి చోట పెట్టిన ఫైళ్లకే. షాపుల్లో, ఆఫీసుల్లో పనికొచ్చేది ఎవరూ వాడని ఒక టిక్కు: ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్, అక్కడ సేవ్ విభాగంలో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ'. సేవ్ కొట్టిన ప్రతిసారీ అంతకుముందు సేవ్ చేసిన రూపాన్ని పక్కన ఉంచుతుంది.

అపోహ: పేజీలు ఎగురుతున్నాయి, నంబర్లు తారుమారయ్యాయి, విండోస్ మళ్లీ వేయాలి.

అక్కర్లేదు. ఒక్క ఫైలే అలా చేస్తుంటే కంట్రోల్ ఎండ్ నొక్కి, తర్వాత కంట్రోల్ షిఫ్ట్ హోమ్ నొక్కి, కాపీ చేసి కొత్త ఫైల్లో పేస్ట్ చేయండి. చివరి పేరా గుర్తు ఒక్కటి పాత ఫైల్లోనే మిగిలిపోతుంది. చివరి సెక్షన్ సెట్టింగులు మోసేది ఆ గుర్తే కాబట్టి రోగం చాలాసార్లు దానితోనే పోతుంది. అన్ని ఫైళ్లూ అలాగే చేస్తుంటే కొత్త ఫైళ్లకు వర్డ్ మూసగా వాడే 'నార్మల్' టెంప్లేట్ ఫైలును అనుమానించండి. వర్డ్ మూసి దాని పేరు మార్చేస్తే, ఈసారి తెరిచినప్పుడు వర్డే కొత్తది తయారు చేసుకుంటుంది.

అపోహ: ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివరి ముక్క) మారిస్తే ఫైలు మారుతుంది.

డాక్‌ను డాక్ఎక్స్ అని పేరు మారిస్తే బోర్డు మార్చినట్టే, లోపల కొట్టు అదే. మీ ఫైళ్లన్నిటి పేర్ల చివరా మీరు పెట్టని వింత పదం చేరి, డబ్బు అడిగే చీటీ కూడా కనిపిస్తే అది ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్. దానికి వర్డ్ రిపేర్లు పని చేయవు. ముందు ఇంటర్నెట్ కేబుల్ పీకండి.

అపోహ: ఉచిత ఆన్‌లైన్ రిపేర్ సైట్లున్నాయిగా.

ఆధార్ నంబరు, భూమి పత్రాలు ఉన్న ఫైలును ముక్కూ ముఖం తెలియని సర్వర్‌కు ఎక్కిస్తారా? నేనైతే ఎక్కించను, కస్టమర్ అడిగినా.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. ఫైలును అందులోంచే తెరిచి, అందులోనే గంటల తరబడి రాయకండి. కంప్యూటర్లోకి కాపీ చేసుకొని రాసి, అయ్యాక మళ్లీ అందులో వేసుకోండి. పోయినేడు థీసిస్ రాస్తున్న ఒకమ్మాయి అలాగే రాసుకుంటూ చివర్లో ఫైలు పోగొట్టుకుంది. నోట్‌ప్యాడ్‌లో చూస్తే అంతా ఖాళీ, అంటే అన్నీ సున్నాలే. అప్పుడు అడిగాను, "ఈ మధ్య ఎవరికైనా పంపావా అమ్మా?" అని. వాట్సాప్ చాట్లలో, మెయిల్ సెంట్ ఫోల్డర్‌లో వెతికాం. నాలుగు రోజుల కింద గైడ్‌కు పంపిన అటాచ్‌మెంట్ దొరికింది. తర్వాత రాసిన 11 పేజీలు మాత్రం మా షాపులోనే కూర్చుని సాయంత్రానికల్లా మళ్లీ కొట్టేసుకుంది.