కాన్సర్ వెన్నుపూసకి పాకాక ఆపరేషన్ దేనికి?

వెన్నెముక దాకా పాకిన కాన్సర్‌కి ఆపరేషన్ ఎందుకండీ, కత్తి తగిలితే ఇంకా పాకుతుందంటారు కదా అని ఒక పాఠకుడు అడిగారు. పాకాల్సింది ఎప్పుడో పాకేసింది, అందుకే రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో పుట్టింది వచ్చి వెన్నుపూసలో తేలింది. ఎందుకు అన్న ప్రశ్న మాత్రం సరైనదే, ఈ ఆపరేషన్‌తో కాన్సర్ పోదు. మనిషి కాళ్లు పడిపోకుండా చూడటానికే ఇదంతా.

కణితి ఎక్కువగా పెరిగేది పూస ముందుభాగంలో, పొట్ట వైపు ఉండే దిమ్మలో. అది వెనక్కి ఉబ్బి వెన్నుపామును నొక్కుతుంది. పాతరోజుల్లో వీపు వైపు నుంచి లామినా అనే ఎముక పలక తీసేసి ఊరుకునేవాళ్లు. నొక్కేది ముందు నుంచి, తీసేది వెనక నుంచి! దిమ్మ ఎలాగూ పుచ్చిపోయి ఉంటుంది, మిగిలిన ఆ కాస్త ఆసరా కూడా పోయేది. దాంతో ఆపరేషన్ దండగ, రేడియేషన్ చాలు అనే మాట స్థిరపడిపోయింది. 2005లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్యాచెల్ బృందం అధ్యయనం వచ్చాక గానీ అది మారలేదు. మొత్తం 101 మంది. నొక్కుతున్న కణితిని నేరుగా తీసి రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్లలో 84 శాతం మంది నడవగలిగారు, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 57 శాతం.

నాకు తెగ నచ్చేది మాత్రం ఆ తర్వాత వచ్చిన సెపరేషన్ సర్జరీ, న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కాన్సర్ ఆసుపత్రి వాళ్లు బాగా వాడుకలోకి తెచ్చింది. గడ్డివాము ఇంటి చూరుకు ఆనుకుని ఉందనుకోండి. వాము తగలబడాలి, ఇల్లు అంటుకోకూడదు. అందుకని వామంతా మోసెయ్యక్కర్లేదు, చూరును తాకుతున్న గడ్డి పీకి సందు చేస్తే మిగతాది నిప్పు చూసుకుంటుంది. ఇల్లు వెన్నుపాము, నిప్పు రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అదే. సందు ఎంతనుకున్నారు? 2, 3 మిల్లీమీటర్లు! స్టీరియోటాక్టిక్ పద్ధతిలో కిరణాలు రకరకాల కోణాల నుంచి వచ్చి కణితి మీద కలుస్తాయి, అంచు దాటగానే డోసు ఒక్కసారిగా పడిపోతుంది. కణితికి ఒకే విడతలో 24 గ్రే (రేడియేషన్ డోసుకి కొలత) ఇచ్చినా వెన్నుపాములో ఎక్కడా 14 దాటకుండా చూస్తారు. సందు లేకపోతే డోసు తగ్గడానికి చోటే ఉండదు, వెన్నుపాము కోసం దానికి ఆనుకున్న కణితి మీద నిప్పు తగ్గించాల్సి వస్తుంది, అది మళ్లీ పెరిగేదీ సరిగ్గా అక్కడే.

సందు చెయ్యడానికి పేషెంటును బోర్లా పడుకోబెట్టి, పై పూసలకీ కింది పూసలకీ స్క్రూలు, రాడ్లు బిగిస్తారు. దిమ్మనీ వెనక ఎముకనీ కలిపే చిన్న ఎముక కాడ, పెడికిల్‌ను డ్రిల్లుతో అరగదీస్తే పక్క నుంచి దారి దొరుకుతుంది. వెన్నుపాము చుట్టూ ఉండే డ్యూరా పొర నుంచి కణితిని విడదీసి, మధ్యలో ఉన్న లిగమెంటు కోసి, కణితిని ముందుకే, వెన్నుపాముకి ఎడంగానే లాగుతారు. దిమ్మలో ఉన్నదాన్ని చాలావరకు అలాగే వదిలేస్తారు. కిడ్నీ నుంచో థైరాయిడ్ నుంచో వచ్చిన కణితులైతే రక్తం విపరీతంగా పోతుంది కాబట్టి వాటికి వెళ్లే రక్తనాళాలను ముందే మూసేస్తారు. లింఫోమా, మైలోమా లాంటి రక్తకణాల కాన్సర్లు మామూలు రేడియేషన్‌కే కరుగుతాయి, పూస గట్టిగా ఉంటే వాటికి సాధారణంగా కత్తి అవసరం రాదు.

ఇంకొకటి చెప్పాలి. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకోవడం మన దగ్గర ఉంది. కాన్సర్ వచ్చిన మనిషికి కొత్తగా వెన్నునొప్పి మొదలైతే, అందులోనూ రాత్రిళ్లు ఎక్కువైతే, ఆ పూస అప్పటికే గుల్లయి ఉండొచ్చు, తన్నితే విరుగుతుంది. ఎమ్మారై తీయించండి. కాళ్లు తడబడుతుంటే ఆ రోజే వెళ్లాలి. ప్యాచెల్ బృందం కాళ్లు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటినవాళ్లను అసలు అధ్యయనంలోకే తీసుకోలేదు.