మోస్టార్ వంతెన నుంచి మీ ఇంటి కమాను దాకా: అపోహలు - వాస్తవాలు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా పని. బోస్నియాలోని మోస్టార్ పాత వంతెన ఫోటో ఎక్కడ చూపించినా అవే ప్రశ్నలు వస్తాయి.

అపోహ: పాతబడి కూలింది.
వాస్తవం: కాదు. ఒట్టోమాన్ వాస్తుశిల్పి మిమార్ హైరుద్దీన్ 1566లో పూర్తి చేసిన ఆ ఒంటి కమాను నెరెత్వా నది మీద 427 ఏళ్ళు నిలిచింది. బోస్నియా యుద్ధంలో, 1993 నవంబర్ 9న బోస్నియా క్రొయాట్ బలగాల ట్యాంకు గుండ్లకు పడిపోయింది. ఆ యుద్ధంలో మరో పక్షమైన సెర్బులే కూల్చారని వాదించేవాళ్ళున్నారు. 1992లో సెర్బుల వైపు నుంచి పడ్డ గుండ్లు దాన్ని దెబ్బతీశాయి, కూల్చింది మాత్రం క్రొయాట్ బలగాలే.

అపోహ: పరంజీ విప్పే రోజున వంతెన కూలుతుందేమోనన్న భయంతో హైరుద్దీన్ తన గొయ్యి తానే తవ్వుకున్నాడు.
వాస్తవం: కథ బాగుంది. కథే.

అపోహ: నదిలో పడ్డ రాళ్ళే ఏరి మళ్ళీ పేర్చారు.
వాస్తవం: 1997లో హంగరీ సైన్యం గజ ఈతగాళ్ళు రాళ్ళు పైకి తీసిన మాట నిజమే. కానీ అవి బాగా దెబ్బతిన్నాయి. దాదాపు వంతెనంతా దగ్గర్లో దొరికే టెనెలియా రాయినే కొత్తగా చెక్కి కట్టారు. 2004 జులై 23న తెరిచారు. ‘అయితే నకిలీయేగా?’ అంటారు. తిరిగి కట్టిందని తెలిసే యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అపోహ: ఈ కాలంలో కట్టారు కాబట్టి సిమెంటు వాడే ఉంటారు. మనమూ సందుల్లో సిమెంటు కొట్టేస్తే పోలా?
వాస్తవం: జనం జేబుకు చిల్లు పెట్టేది ఇదే. కమాను జిగురు మీద నిలబడదు, రాయి రాయిని నొక్కడం వల్ల నిలబడుతుంది. మోస్టార్‌లో పాత పద్ధతిలోనే రాళ్ళను ఇనుప బందులతో కలిపి, వాటి చుట్టూ సీసం కరిగించి పోశారు. సందుల్లో వాడింది సున్నమే. సున్నం తడిని బయటికి వదులుతుంది, రాయి కంటే మెత్తన. అరిగితే అదే అరుగుతుంది, మళ్ళీ నింపుకుంటాం. గట్టి సిమెంటు వెనక తడి చిక్కుకుంటే అరిగేది రాయి.

ఒక ఊళ్ళో పాత ఇంటి సింహద్వారం చూడమని పిలిచారు. సందులన్నీ నున్నగా సిమెంటు పాయింటింగ్. వేలితో గీస్తే ఇసుకరాయి పొరలు పొరలుగా రాలుతోంది, సిమెంటు గీతలు మాత్రం వలలాగా ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. పెద్దాయన చిన్నగా అడిగారు: ‘ఖర్చుకు వెనకాడలేదు బాబూ, మంచిదనే కదా కొట్టించాం?’ ఆయన్ని ఏమనగలం? ‘సిమెంటైతే వందేళ్ళు’ అని చెప్పిన మేస్త్రీ మీద మాత్రం ఒళ్ళు మండింది.

కమానులో పగులు కనిపించగానే టెన్షన్ పడకండి. చాలా పగుళ్ళు ఎప్పుడో సర్దుకున్నవే. పగులుకు అడ్డంగా జిప్సం పట్టీ వేసి, దాని మీద తేదీ రాసి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గమనించండి. పట్టీ చిట్లినా, రాయి కిందికి జారినట్టున్నా రాతి కట్టడాలు తెలిసిన ఇంజనీరుకు వెంటనే చూపించండి. ఈలోగా దాని కింద పిల్లల్ని ఆడనివ్వకండి.