రాతిపువ్వును ఒకసారి తిరగేసి చూడండి

తలకోనలో చెట్ల బోదెల మీద, తిరుమల నడకదారి పక్కన బండల మీద బూడిద రంగులో అతుక్కుని ఉండేవాటిని చాలామంది నాచు అనుకుని వెళ్లిపోతుంటారు. అవి లైకెన్లు. ఒక శిలీంధ్రం, దాని పొరల మధ్య ఉండి ఎండతో తిండి తయారుచేసే శైవలం (ఆల్గే), రెండూ కలిసి బతికే బతుకు అది. 1867లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాట చెబితే అప్పటి లైకెన్ నిపుణులు చాలామంది ఒప్పుకోలేదు.

ఆకుల్లా పరుచుకునే లైకెన్లలో ముందుగా పార్మోట్రిమా ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపు) గుర్తుపట్టడం నేర్చుకోండి. అందుకోసం అడవిలో మాత్రం పీకొద్దు. శేషాచలం కొండల్లో కొంత భాగం నేషనల్ పార్క్, పైగా ఇవి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, కిరాణా కొట్లో అదే అడగండి, చిత్తూరు వైపు కల్పాసి అన్నా అర్థమవుతుంది. ప్యాకెట్లో రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి, వాటిలో వెడల్పాటి ముక్క ఏరుకుని నీళ్లలో వేస్తే, పైపొర తడిసి లోపలి శైవలం కనబడి బూడిద రంగు కాస్తా పచ్చబడుతుంది.

రెక్కలు గుండ్రటి అంచులతో, దాదాపు సెంటీమీటరు వెడల్పున, కొసలు పైకి లేచి ఉంటాయి. ఇప్పుడు తిరగేయండి, అసలు గుర్తు అక్కడే ఉంది. నడుమ నలుపు, దాని మీద వేళ్లలాంటి పొట్టి పోగులు, అంచు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క పోగూ లేని గోధుమరంగు నున్నటి పట్టీ. నా లెక్కలో ఆ బోడి పట్టీ మిగతా గుర్తులన్నిటికంటే నమ్మదగ్గది. చాలా జాతులకు అంచున కనురెప్పల్లా నల్లటి వెంట్రుకలు కూడా ఉంటాయి కానీ అన్నిటికీ ఉండవు, అవి లేవని ముక్క పక్కన పెట్టేయకండి.

మన మామిడి తోటల్లో బోదెకు కరుచుకుని, గోరుతో గీకినా లేవని సన్నరెక్కల మచ్చలు చాలావరకు వేరే ప్రజాతులవి, డిరినేరియా లాంటివి. దానికి అడుగున పోగులే ఉండవు.

జాతి దాకా వెళ్లాలంటే లెన్స్ కావాలి. పైన సన్నటి వేలిమొనల్లాంటి బొడిపెలు ఉండి, అంచున వెంట్రుకలు లేకపోతే అది పార్మోట్రిమాలో టింక్టోరమ్ అనే జాతి కావొచ్చు. బ్లేడుతో పైపొర గీకి, తెల్లటి లోపలి భాగం మీద బ్లీచింగ్ ద్రావణం చుక్క వేస్తే వెంటనే ఎర్రబడుతుంది. పెర్లాటమ్ అనే ఇంకో జాతికి రెక్కల కొసల్లో పిండిలాంటి పొడి ఉంటుంది, బ్లీచింగ్ చుక్కకు రంగు మారదు.